వరద నీళ్ళు నిలిస్తే మట్టి చచ్చిపోతుందా?

పద్మనాభం రైతుబిడ్డ:
మాది గోస్తనీ ఒడ్డున ఎకరంన్నర పల్లం. మొన్నటి వానలకు ఏరు పొంగి తొమ్మిది రోజులు నీళ్ళు నిలిచాయి. వరి కుళ్ళిపోయింది. నీళ్ళు తీశాక పార వేసి చూస్తే లోపల మట్టి బొగ్గులా ఉంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఎరువుల కొట్టతను వచ్చి చూసి "నేల చచ్చిపోయింది, సూక్ష్మజీవులన్నీ పోయాయి, మళ్ళీ వెయ్యాలి" అని వేలల్లో ప్యాకెట్లు రాసిచ్చాడు. నాన్న కొందామంటున్నారు. మా మేనమామ మాత్రం "ఏరు తెచ్చిన ఒండ్రు బంగారంరా, ఏమీ వెయ్యక్కర్లేదు" అంటున్నారు. నేను వైజాగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది. వెనక మినుము వెయ్యాలని ఉంది.

మట్టివాసన:
ప్యాకెట్లు ఇప్పుడు కొనకండి తమ్ముడూ. నేను మైక్రోబయాలజీ చదివాను, ఈ విషయం గట్టిగానే చెప్పగలను. ఆ నలుపు, ఆ వాసన, రెండూ మట్టిలో ప్రాణం ఉందనడానికే గుర్తులు.

నీళ్ళు నిండితే మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఉన్న కాస్తనీ బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో వాడేస్తుంది. అక్కడితో ఆక్సిజన్ తప్పనిసరి అయిన రకాలు మందగిస్తాయి, అది లేకుండా బతికేవి పని అందుకుంటాయి. ఊపిరికి ముందు నైట్రేట్ వాడుకుంటాయి, అది అయిపోతే మాంగనీసు, ఆ తర్వాత ఇనుము, ఆపైన సల్ఫేటు. సల్ఫేటు దాకా వచ్చిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మీకు వచ్చిన కోడిగుడ్డు వాసన అదే. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్. చచ్చిన మట్టి ఇంత పని ఎలా చేస్తుంది?

నమ్మకం కుదరకపోతే ఒక పెళ్ళ తవ్వి తెచ్చి, రెండుగా విరిచి, అరుగు మీద నీడలో పెట్టండి. గాలి తగిలితే ఆ నలుపు పోతుందో లేదో రెండు రోజులు చూడండి.

ఏటిగట్టు:
మట్టివాసన గారూ, మీ చదువును కాదనను. కానీ మా అనుభవం వేరేగా ఉంది. మాది అనకాపల్లి వైపు, శారద ఒడ్డు. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళాక పొలంలో చాలా రోజులు నీళ్ళున్నాయి. తర్వాత వేసిన మొక్కజొన్న గిడసబారిపోయింది, ఆకుల అంచులు ఊదారంగు తిరిగాయి. భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వేసినా అందుకోలేదు. మరుసటి ఏడు పశువుల ఎరువులో జీవన ఎరువులు, అంటే సూక్ష్మజీవుల ప్యాకెట్లు, కలిపి చల్లాం, పైరు తేరుకుంది. మట్టిలో ఏమీ పోలేదంటే నేనెలా ఒప్పుకోను?

మట్టివాసన:
పోయింది, మీరు చెప్పింది నిజమే. నేను బ్యాక్టీరియా గురించే రాశాను, శిలీంధ్రాల మాట వదిలేశాను. మొక్క వేళ్ళలో చేరి భాస్వరం అందించే మైకోరైజా అనే శిలీంధ్రం ఉంది. దానికి బతికున్న వేరు కావాలి, గాలి కావాలి. నీట మునిగి, పైరు కూడా లేకపోతే అది బాగా తగ్గిపోతుంది. అమెరికాలో 1993 మిసిసిపీ వరదల తర్వాత మరుసటి ఏడు మొక్కజొన్న సరిగ్గా మీరు చెప్పినట్టే ఊదారంగు తిరిగి గిడసబారింది. నేలలో భాస్వరం ఉన్నా వేరుకు అందలేదు.

అయితే రెండో ఏటికి మీ పైరు కోలుకోవడం ప్యాకెట్ వల్లేనా? మొదటి ఏడు నాటిన మొక్కజొన్న వేళ్ళ మీదే ఆ శిలీంధ్రం మళ్ళీ పెరిగి ఉంటుంది. పశువుల ఎరువు సాయమూ ఉంది. ఏదీ వెయ్యని మడి ఒకటి పక్కన ఉంటే తేలేది.

తమ్ముడూ, ఇంకో సంగతి. నైట్రేటును బ్యాక్టీరియా వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది కాబట్టి నత్రజని కొంత పోయినట్టే లెక్క. ముందు బోదెలు తీసి నీరు పూర్తిగా దించండి. తడి మీద ట్రాక్టరు దించొద్దు, నేల గట్టిపడి సందులు మళ్ళీ మూసుకుపోతాయి. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం లాంటిదాన్ని ఈ గాలి ఆడని బురదలో కలిపితే డబ్బు బురదపాలే. కొంటే ఒక్కటి కొనండి, మినుముకు రైజోబియం, వేళ్ళ బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. చల్లార్చిన బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లుకోండి. దాని ఖర్చు చాలా తక్కువ.

గెడ్డపక్క మాస్టారు:
మీ మేనమామ గారి మాట కూడా ఒకసారి చేత్తో పట్టి చూడు బాబూ. మా చిన్నప్పుడు ఒండ్రు అంటే వేళ్ళ మధ్య సబ్బులా జారేది. ఇప్పుడు పైన తాటిపూడి రిజర్వాయరు ఉంది, సన్నటి మట్టి చాలావరకు అక్కడే దిగిపోతుంది. కింద మీ గట్టు తెగి వచ్చింది ఇసుకే కావచ్చు. గరగరమంటే అది ఇసుక మేట, బంగారం కాదు. దానికి నీరు నిలవదు, సూక్ష్మజీవులకు తిండీ తక్కువే. జానెడు మందాన ఉంటే ఎత్తించెయ్యాలి, పల్చగా ఉంటే దున్ని కలిపెయ్యొచ్చు.

బోదెల్లో రంగురంగుల నూనె తెట్టు కనిపించినా కంగారు పడకు. పుల్లతో కదుపు. గాజు పెంకుల్లా ముక్కలైతే ఇనుము తినే బ్యాక్టీరియా పొర. చీలి మళ్ళీ కలిసిపోతేనే అది పెట్రోలు, డీజిలు.

భీమిలి సిస్టర్:
మట్టి సంగతి సరే, మీ కాళ్ళ సంగతి? వరద బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, పగుళ్ళలోంచి లెప్టోస్పైరా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఒంట్లోకి పోతుంది. నాన్నగారిని బూట్లు లేకుండా దిగనివ్వకండి. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రబడడం ఉంటే డాక్టరుకు బురదలో దిగిన మాట తప్పకుండా చెప్పండి.

పద్మనాభం రైతుబిడ్డ:
శనివారం ఊరెళ్ళి పెళ్ళ తవ్వాను. విరిస్తే లోపలంతా నలుపే, కానీ పాత వరి వేళ్ళు దిగిన దారుల వెంట సన్నగా తుప్పు రంగు గీతలున్నాయి. ఈ సాయంత్రానికి విరిచిన ముఖం మొత్తం గోధుమరంగు తిరిగింది, వాసన లేదు. నాన్న చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

మట్టివాసన:
ఆ గీతలు వరి వేళ్ళు కిందికి పంపిన గాలి గుర్తులు. పై గాలిని వరి వేరు కొస దాకా మోస్తుంది, అది తగిలిన చోట ఇనుము తుప్పు పట్టింది.

ఏటిగట్టు:
బాబూ, నా మాటగా పొలంలో ఒక చిన్న చెక్కలో పశువుల ఎరువుతో కలిపి ప్యాకెట్ వేసి చూడు. ఈసారి పక్కన ఎరువు మాత్రమే వేసిన చెక్క కూడా ఉంచు.

పద్మనాభం రైతుబిడ్డ:
అలాగే అండీ. పది సెంట్లు మీ పద్ధతిలో, పది సెంట్లు ఉత్త ఎరువుతో, మిగతాదంతా రైజోబియం పట్టించిన మినుము. ఏటి వైపు చివర నాలుగు సెంట్లు గరగరమంటోంది, అది ఎత్తిస్తున్నాం. పూత టైముకి మూడు చోట్లా మొక్కలు పీకి వేళ్ళ ఫోటోలు ఇక్కడే పెడతాను.