పాతికవేలలో ఇంటికి కంప్యూటర్: సీపీయూ డబ్బాకు ఎంత, మానిటర్‌కు ఎంత?

పరకాల తెలుగు సారు:
మా అమ్మాయి హనుమకొండలో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరింది. సీ, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవాలి. నేను బడి ప్రశ్నపత్రాలు, పదో తరగతి నోట్సు తెలుగులో టైపు చేస్తాను. టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. ఇంట్లో ఆటలు ఆడేవాళ్లు లేరు. పాతికవేలు దాటలేను. చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో ఐ5, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, 19 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌసు అన్నీ కలిపి 16 వేలన్నారు. ఆఫీసుల నుంచి వచ్చిన మంచి సరుకట. మిగిలిన దాంతో ప్రింటర్ కూడా వస్తుందని ఆశ. చవక అనిపించే కొద్దీ అనుమానమూ పెరుగుతోంది. తీసుకోవచ్చా?

కాజీపేట రిపేరు:
సార్, ప్రింటర్ సంగతి తర్వాత చూద్దాం. ఐ5 అనేది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో 2009లో పుట్టిన తాతా ఉన్నాడు, మనవళ్లూ ఉన్నారు. ఏ ఐ5 అని అడగండి. 4570 అంటే నాలుగో తరం, 8500 అంటే ఎనిమిదో తరం, 10400 అంటే పదో తరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఒకటి రెండు మినహాయింపులు పక్కన పెడితే, విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ తర్వాతదో ఉండాలి. పాత డబ్బాల్లో ఆ తరం తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. ఇవాళ నడుస్తుంది, రేపటి అప్‌డేట్‌కు ఎవరూ పూచీ ఉండరు. దుకాణంలోనే టాస్క్ మేనేజర్ తెరిపించి పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పేరు మీ కళ్లతో చదవండి. తిరిగే హార్డ్ డిస్క్ బదులు చిప్పులతో పనిచేసే 256 జీబీ ఎస్ఎస్‌డీ అడగండి. వేగంలో తేడా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెలుస్తుంది.

ఇక నేను గట్టిగా చెప్పేది మానిటర్ గురించి. డబ్బా పాతదైనా ఫరవాలేదు, మానిటర్ మాత్రం కొత్తది కొనండి. ఆ పాత 19 అంగుళాల వాటిలో చాలావాటి రిజల్యూషన్ 1366×768 లాంటిదే. అంటే అంగుళానికి సుమారు 85 చుక్కలు (పిక్సెళ్లు). ఇంగ్లిషుకు సరిపోతాయేమో గానీ, మీరు చిన్న అక్షరాల్లో 'రాష్ట్రం' అని కొట్టి చూడండి. ష కింద ట వత్తు, దాన్ని ఆనుకుని ర వత్తు, మూడూ కలిసి ఒక మరక అవుతాయి. ప్రూఫ్ దిద్దేవాళ్లకు ఇంతకంటే శిక్ష లేదు. 22 అంగుళాల 1920×1080 ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం తెర) తీసుకుంటే అంగుళానికి నూరు చుక్కలు దాటుతాయి, వత్తులు విడివిడిగా కనిపిస్తాయి. అదే రిజల్యూషన్‌తో 27 అంగుళాలది కొంటే మళ్లీ 80 దగ్గరికి పడిపోతుంది. పెద్దది గొప్పదనుకోకండి.

ఇంకొకటి. ఈ ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి వెనుక డిస్‌ప్లే పోర్టు ఉంటుంది, చవక మానిటర్లకేమో హెచ్‌డీఎంఐ. రెండూ కలవకపోయేసరికి దుకాణంవాళ్లు నీలం మూతి ఉండే పాత రకం వీజీఏ కేబుల్ తగిలిస్తారు. కొత్త మానిటర్ కొన్న ఫలితం సగం అక్కడే పోతుంది. డిస్‌ప్లే పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ విడిగా దొరుకుతుంది, అదే అడగండి.

హంటర్ రోడ్ హాస్టల్:
సార్, అమ్మాయి ల్యాబ్‌కూ ప్రాజెక్టులకూ వెంట తీసుకెళ్లాలి కదా, ల్యాప్‌టాప్ కొనండి. సీ, పైథాన్‌లకైతే నాలుగో తరం డబ్బాలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసినా చాలు, నేను అలాగే నెట్టుకొస్తున్నాను.

జనగామ అక్క:
తమ్ముడూ, లైనక్స్ నీకు చాలు, సారు టైపింగ్ ఎక్కడ చేసుకోవాలి? ఆ డబ్బుకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ నీరసం, కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకోలేరు. ఇద్దరు వాడే ఇంటికి బల్ల మీద కంప్యూటరే నయం. తెరలోనే కంప్యూటరంతా ఇమిడి ఉండే ఆల్ ఇన్ వన్ జోలికి మాత్రం వెళ్లకండి సార్. మా ఇంట్లో దానికి తెర పోయింది, లోపల అంతా బాగున్నా మూలన పెట్టాల్సి వచ్చింది.

పరకాల తెలుగు సారు:
వెళ్లి చూశాను. 4570! అడిగితే "మీ పనికి ఇది ఎక్కువే సార్" అన్నాడు. ఎనిమిదో తరంది, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డీతో 15 వేలు, 22 అంగుళాల కొత్త మానిటర్ ఏడు వేలు చెప్పాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్తే ఇంకా తగ్గుతుందా?

కాజీపేట రిపేరు:
కొంత తగ్గవచ్చు, ఎంపికా ఎక్కువే. కానీ పాత డబ్బాకు వారంటీ ఇచ్చేది దుకాణమే. పాడైతే దాన్ని ఎత్తుకుని మళ్లీ రైలెక్కాలి. కాబట్టి డబ్బా హనుమకొండలోనే తీసుకోండి. మానిటర్‌కు చాలా కంపెనీలు మూడేళ్ల వారంటీ ఇస్తాయి, ఎక్కడ కొన్నా ఒకటే. తెల్లని పేజీ, నల్లని పేజీ నిండుగా తెరిచి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో అక్కడే చూసుకోండి.

15 వేలు మరీ ఎక్కువేమీ కాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 8 జీబీ ర్యామ్ ఒకే కర్రగా (ఒకే ముక్కగా) ఉండి, పక్క స్లాటు ఖాళీగా ఉండేలా చూసుకోండి. ధరలు దిగాక ఇంకో 8 వేసుకోవచ్చు. బిల్లు మీద జీఎస్టీ నంబరుతో పాటు డబ్బా సీరియల్ నంబరు కూడా రాయించుకోండి. మిగిలిన మూడు వేలూ ప్రింటర్‌కు కాదు సార్, 600 వీఏ యూపీఎస్‌కు. ప్రశ్నపత్రం సగంలో కరెంటు పోతే మీకే తెలుస్తుంది.