‘పరిత్యజింతు రురు’: ఆ రెండో ‘రు’ ఉండాలా?

హంసపాదు: నాలుగు రోజులుగా ఒక చిన్న లినక్స్ కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్నాను. చేత్తో నడిపితే చక్కగా నడిచే స్క్రిప్టు, రీబూట్ చేస్తే మాత్రం మొదలై వెంటనే ఆగిపోతోంది. లాగ్ చూసిన ప్రతిసారీ, భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యంలోని ‘ఆరంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై మధ్యముల్’ (విఘ్నాలొస్తే మధ్యములు మొదలుపెట్టింది వదిలేస్తారు) అన్న పాదం నోట్లో ఆడుతోంది. కానీ నడక కుంటుతోంది. ‘రురు’ అని ఎక్కడో చదివినట్టు గుర్తు. అచ్చుతప్పా?

గణవిభజన: తప్పు కాదండీ. పరిత్యజింతురు + ఉరు విఘ్న. ఉరు అంటే పెద్ద. ఒక ‘రు’ తీసేస్తే నాలుగో గణంలో లఘువు పోయి, శార్దూలపాదం 18 అక్షరాలకు దిగుతుంది. 13వ అక్షరం ‘ఘ్నా’లో ‘ఆ’కు కుదిరిన యతి కూడా ఒక అక్షరం ముందుకు జరిగిపోతుంది.

ఖండబిందువు: గణానికి కావాలి, అర్థానికి అక్కర్లేదు. భర్తృహరి ‘విఘ్నవిహతా విరమంతి మధ్యాః’ అన్నాడు. విఘ్నం పెద్దదని ఆయన అనలేదు. ఏనుగు లక్ష్మణకవి పూరణకు వేసుకున్న మాట అది.

గణవిభజన: పూరణ అని కొట్టిపారేయకండి. నీచుడు విఘ్నం వస్తుందన్న భయంతోనే మొదలుపెట్టడు. మొదలుపెట్టినవాణ్ణి ఆపాలంటే పెద్ద విఘ్నమే రావాలి. ఆ తేడా చూపించేది ఈ ‘ఉరు’వే. లక్ష్మణకవి ఊరికే ఒక్క అక్షరం వేయడు.

పదబంధం: నా పేచీ ‘ఆయత్తులై’ దగ్గర. ‘ప్రయాణానికి ఆయత్తమయ్యాడు’ అంటే సిద్ధపడ్డాడని. పద్యంలో అది కాదు, లోబడినవారని. ‘స్వాయత్తం’లో ఉన్నదీ ఆ అర్థమే. హంసపాదు గారూ, మీ స్క్రిప్టు చిక్కు కూడా ఈ రెండర్థాల మధ్యే ఉందేమో. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ‘ఆఫ్టర్’ వరసను మాత్రమే చెబుతుంది, దేన్నీ పిలిచి తీసుకురాదు. ఆ పని ‘వాంట్స్’ది. పైగా ‘నెట్‌వర్క్ టార్గెట్’ దాటినంత మాత్రాన నెట్ అందినట్టు కాదు. ‘నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్’కు ఆఫ్టర్, వాంట్స్ రెండూ రాయండి. స్క్రిప్టు నెట్‌కు ఆయత్తం, నెట్ ఇంకా ఆయత్తం కాలేదు!

హంసపాదు: అదేనండీ! సర్వర్ పేరుకు అడ్రస్ దొరకలేదని జర్నల్‌లో ఉంది. రెండు లైన్లూ చేర్చాను, మూడు రీబూట్లకూ నిలబడింది. విఫలమైతే మళ్లీ మొదలయ్యేలా ‘రీస్టార్ట్’కు ‘ఆన్-ఫెయిల్యూర్’ కూడా పెట్టనా? విఘ్నాలొచ్చినా పట్టింది వదలని ధీరుల పాదం గుర్తొచ్చింది.

పదబంధం: పెట్టండి. కానీ మామూలు అమరికలో పది సెకన్లలో అయిదుసార్లు మొదలైతే ఇక వదిలేస్తుంది. మధ్యలో విరామం పది సెకన్లు ఇస్తే ఆ హద్దు తగలదు.

ఖండబిందువు: ధీరుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నాను. శ్లోకంలో ‘పునః పునరపి ప్రతిహన్యమానాః’ అని ఉంది, మళ్లీ మళ్లీ దెబ్బ తింటున్నా అని. తెలుగులో ‘విఘ్ననిహన్యమాను లగుచున్’ అన్నప్పుడు ఆ ‘మళ్లీ మళ్లీ’ ఏమైంది? శ్లోకానికి ప్రాణం అదే కదా.

గణవిభజన: ‘అగుచున్’లోనే ఉంది. చున్ అంటే జరుగుతూనే ఉండటం.

ఖండబిందువు: జరుగుతూ ఉండటం వేరు, తిరిగి తిరిగి జరగటం వేరు. భర్తృహరిని తెలుగు చేసిన మరో కవి ఎలకూచి బాలసరస్వతి నాలుగో పాదం చివర ‘సురభిమల్లా! నీతివాచస్పతీ!’ అన్న మకుటానికి చోటిచ్చి, మిగిలిన కాస్తలోనే శ్లోకమంతా పట్టించాలి. అంత ఇరుకులో ఆయన ‘పునః పునః’ను నిలిపాడా, వదిలాడా? పుస్తకం దగ్గరున్నవాళ్లు ఆ పద్యం పెట్టండి.

గణవిభజన: పెట్టండి, చూద్దాం. ‘ఉరు’ మాత్రం పూరణ కాదు.