బెంగళూరులో ఉంటూ ఆదివాసీ సంస్కృతుల మీద డిగ్రీ చదవడం ఎలా?

హెబ్బాళ తెలుగు (ప్రశ్న):
మా తమ్ముడు ఈ ఏడాది బైపీసీ పూర్తి చేశాడు. గిరిజనుల జీవితం, భాషలు, అడవి హక్కులు చదువుతానంటున్నాడు. బెంగళూరు కాలేజీల జాబితాలో ఆ పేరుతో డిగ్రీ కనపడలేదు. ట్రైబల్ యూనివర్సిటీకి పంపడమే మంచిదా? మేం యానాదులం, ఆంధ్ర ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. అది కర్ణాటకలో చెల్లుతుందా?

పాత లెక్చరర్:
వెతకాల్సిన పేరు ఆంత్రపాలజీ (మానవశాస్త్రం) అండీ. ఢిల్లీ యూనివర్సిటీలో అది బీఎస్సీ ఆనర్స్, సైన్సు కోర్సు, కాబట్టి బైపీసీ వృథా పోదు. సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా సీయూఈటీ మీదే తీసుకుంటుంది. కానీ ట్రైబల్ అన్న మాట చూసి దరఖాస్తు చేయకండి. అక్కడ ఫార్మసీ, కంప్యూటర్ సైన్సు కూడా ఉన్నాయి. కోర్సు పేరు, అన్ని సెమిస్టర్ల సిలబస్ చూసి నిర్ణయించుకోండి.

ఇల్లు వదలకూడదనుకుంటే ఇంకో దారి ఉంది. ఇక్కడి కాలేజీలో సోషియాలజీ, చరిత్ర ఉన్న బీఏలో చేర్పించి, పక్కన ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఆంత్రపాలజీ చదివించవచ్చు. ఒకటి రెగ్యులర్‌గా, ఒకటి దూరవిద్యలో రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది. చిక్కల్లా పరీక్షల దగ్గరే. ఇగ్నో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్, డిసెంబరుల్లో వస్తాయి, కాలేజీ సెమిస్టర్ పరీక్షలతో ఢీకొనే అవకాశం ఎక్కువ. ప్రాక్టికల్స్ ఏ స్టడీ సెంటర్‌లో జరుగుతాయో ఫీజు కట్టకముందే ప్రాంతీయ కేంద్రంలో అడగండి.

ఇంకో మాట. ఆంత్రపాలజీలో పాటలూ పండుగలూ మాత్రమే ఉంటాయనుకుని చేరితే మొదటి ఏడాదే నీరసం వస్తుంది. ఎముకలు, జన్యుశాస్త్రం, మానవ పరిణామం చాలా ఉంటాయి. ల్యాబ్‌లో స్ప్రెడింగ్ క్యాలిపర్ (వంపు తిరిగిన రెండు చేతుల కొలత పరికరం)తో తల పొడవు, వెడల్పు కొలుస్తారు. వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేది సెఫాలిక్ ఇండెక్స్. జుట్టు మీద క్యాలిపర్ కొన ఆగిపోతే పొడవు ఎక్కువ చూపిస్తుంది, రికార్డులో తప్పులు ఎక్కువగా పడేది ఇక్కడే. బ్రిటిష్ కాలంలో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ఇలాంటి కొలతలతోనే కులాలను, తెగలను వర్గీకరించబోయాడు. ఆ పని ఎందుకు తప్పో కూడా చదివించే డిపార్ట్‌మెంటే మంచి డిపార్ట్‌మెంట్.

సర్టిఫికెట్ల సందేహాలు:
రెండో ప్రశ్నకు. రాజ్యాంగం 342వ అధికరణం కింద ఎస్టీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. వలస వచ్చినవాళ్లకు కర్ణాటక కోటా వర్తించదు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆంధ్ర సర్టిఫికెట్ చెల్లుతుంది. సీయూఈటీ వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం.

చదువులోనూ ఇది అడ్డం పడుతుంది. లంబాడీలు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, తమిళనాడులో బీసీలు. బోయలు ఆంధ్రలో బీసీలు, కర్ణాటకలో ఎస్టీలు. కర్ణాటక లంబాణీల మీద ప్రాజెక్టు పెట్టుకుని ఎస్టీ జనాభా లెక్కలు వెతికితే ఏమీ దొరకదు.

హెబ్బాళ తెలుగు:
ధన్యవాదాలండీ. ఫీల్డ్‌వర్క్‌కు ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లొచ్చు?

మైసూరు రోడ్డు:
బెంగళూరులో ఉండటం వల్ల అసలు లాభం మైసూరు దగ్గరగా ఉండటమే. ఆంత్రపాలజికల్ సర్వే దక్షిణ ప్రాంతీయ కేంద్రం, భారతీయ భాషల సంస్థ, రాష్ట్ర గిరిజన పరిశోధన సంస్థ, మూడూ అక్కడే ఉన్నాయి.

ఊళ్ల విషయానికొస్తే జేను కురుబ తెగవాళ్ల హాడిలు (గూడేలు) నాగరహొళె అడవి చుట్టూ, సోలిగ తెగవాళ్ల పోడులు (ఇవీ గూడేలే, పోడు సాగు కాదు) బిళిగిరిరంగన బెట్ట కొండల్లో ఉంటాయి. 2011లో సోలిగలకు పులుల అభయారణ్యంలోనే సామూహిక అటవీ హక్కులు దక్కాయి, అటవీ హక్కుల చట్టం చదివేవాళ్లు తప్పక చూడాల్సిన చోటు. రిజర్వు లోపల పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కాలేజీ లెటర్‌తో ముందే అడగాలి, వారం ముందు అడిగితే పని కాదు. తేనె తీసే కాలంలో వెళ్తే మగవాళ్లు ఊళ్లో దొరకరు. ఫారెస్ట్ గార్డును దుబాసీగా పెట్టుకోవద్దు, ఆయన ముందు అటవీ హక్కుల గురించి ఎవరూ నోరు విప్పరు. కన్నడ కాస్తయినా నేర్చుకుని వెళ్లడం మేలు.

నన్నడిగితే డిగ్రీ ప్రాజెక్టుకు కొత్త తెగ వద్దు. శ్రీహరికోట నుంచి రాకెట్ కేంద్రం కోసం తరలించిన యానాది కుటుంబాలు ఉన్నాయి, భాష సమస్య లేదు. 30 ఇళ్లు చాలు. ఇంటింటికీ ఒక షెడ్యూలు (ప్రశ్నల పత్రం), ఒక వంశవృక్షం (మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి సమానం గుర్తు), పెద్దవాళ్లతో పాత జీవనం మీద రికార్డు చేసిన సంభాషణలు కొన్ని. రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి, వద్దంటే ఫోన్ లోపల పెట్టేయాలి. సొంతవాళ్ల మీద రాసేటప్పుడు తెలిసిందే కదా అని వదిలేసిన సంగతే రిపోర్టులో ఖాళీగా మిగులుతుంది. అందుకని తమ్ముణ్ణి రోజూ సాయంత్రం, నిద్రపోకముందే, చూసిందంతా నోట్స్‌లో ఎక్కించమనండి.