చర్చ: సీడీఎల్ పరీక్షలో రాష్ట్రం ఫెడరల్ రూల్ దగ్గరే ఆగాలా, దాన్ని దాటి వెళ్లాలా?

రూల్‌బుక్:
అమెరికాలో లారీ గానీ పెద్ద బస్సు గానీ నడపడానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సు, అదే సీడీఎల్, చేతికిచ్చేది రాష్ట్రం. పరీక్ష కనీసం ఎలా ఉండాలో చెప్పేది ఫెడరల్ ప్రభుత్వం. 1986 చట్టం నుంచీ ఇదే పద్ధతి. రాష్ట్రాలు తమ రూల్సును ఫెడరల్ రూల్సుకు సరిపెట్టుకునేటప్పుడు సొంతంగా పెట్టుకున్న అదనపు షరతుల్ని ఉంచుకోవాలా, తీసేయాలా అన్న దగ్గరే పేచీ వస్తోంది.

నా ఓటు తీసేయడానికే. ఫెడరల్ రూల్ ఇప్పటికే గట్టిగా ఉంది. పర్మిట్ వచ్చాక 14 రోజులు గడవనిదే స్కిల్స్ టెస్టుకు రానివ్వరు. (మన దేశంలో లెర్నర్ లైసెన్సు మీద 30 రోజులు ఆగాలి కాబట్టి ఇది తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ 14 రోజుల తర్వాత ఎదురయ్యే పరీక్ష వేరు.) రాత పరీక్ష ప్రతి పేపర్లోనూ 80 శాతం రావాలి. స్కిల్స్ టెస్టులో ముందు బండి తనిఖీ, తర్వాత యార్డులో బండి తిప్పడం, ఆఖర్న రోడ్డు. వరస మార్చడానికి లేదు, ఒకటి తప్పితే ఆ రోజుకు ఇంటికే. పాసైన భాగం మార్కులు కూడా ఆ పర్మిట్ ఉన్నంతవరకే చెల్లుతాయి.

రాష్ట్రం పాటించకపోతే హైవే నిధుల్లో మొదటి ఏడాది 4 శాతం దాకా, తర్వాత 8 శాతం దాకా కోత. మరీ ముదిరితే సీడీఎల్ ఇచ్చే అధికారానికే ఎసరు. ఇంత జరుగుతుంటే ఇంకా సొంత ప్రయోగాలెందుకు?

డాక్_నైన్:
రూల్‌బుక్ గారూ, పరీక్ష గట్టిదే, కాదనను. దానికి ముందు జరిగే ట్రైనింగ్ మాటేంటి? 2022 ఫిబ్రవరి 7 నుంచి ఎంట్రీ లెవెల్ ట్రైనింగ్ తప్పనిసరి చేశారు. ఏమేం నేర్పాలో చాంతాడంత లిస్టు ఇచ్చారు. ఎన్ని గంటలు నేర్పాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. థియరీలో 80 శాతం రావాలి సరే, స్టీరింగ్ దగ్గరికొచ్చేసరికి "వీడికి వచ్చింది" అని ఇన్‌స్ట్రక్టర్ అనుకుంటే చాలు. రెండు పనిదినాల్లోగా స్కూలు ఆ పేరును ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీకి (ఫెడరల్ ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాకు) ఎక్కిస్తుంది. రాష్ట్రం ఆ ఎంట్రీ ఉందో లేదో చూసి స్కిల్స్ టెస్టు పెడుతుంది. అంతకుమించి అడిగే నాథుడు లేడు.

అందుకే వాషింగ్టన్ రాష్ట్రం క్లాస్ ఏకి (ట్రైలర్ లాగే పెద్ద లారీల లైసెన్సుకు) 160 గంటలు పెట్టుకుంది. కాలిఫోర్నియా స్టీరింగ్ మీదే 15 గంటలు ఉండాలంది, అందులో 10 పబ్లిక్ రోడ్డు మీద. రెండూ ఫెడరల్ రూల్‌కు విరుద్ధం కావు, ఎందుకంటే అది కనీస హద్దు మాత్రమే. మీరు తీసేయమంటున్నది సరిగ్గా వీటినే.

ఇంకో సంగతి. రాష్ట్రాల లైసెన్సు శాఖల సంఘం ఆమ్వా రూపొందించిన 2022 కొత్త పరీక్షలో యార్డు భాగం నాలుగు విన్యాసాలు: ముందుకెళ్లి గీత దగ్గర ఆపడం, తిన్నగా వెనక్కి తీయడం, కోన్ల మధ్య ముందుకు పక్క లేన్‌లోకి మారడం, అలాగే వెనక్కి పక్క లేన్‌లోకి తీయడం. పాత పరీక్షలో ఉన్న ఆలీ డాక్ (మలుపు తిప్పుతూ వెనక్కి తీసి సరుకు దించే చోటికి చేర్చడం), పారలల్ పార్కింగ్ ఎగిరిపోయాయి. గోడౌన్ దగ్గర లారీ డ్రైవర్ రోజూ చేసే పని ఆలీ డాకే కదా! ట్రైనింగ్ లిస్టులో మాత్రం 45, 90 డిగ్రీల ఆలీ డాక్, అద్దంలో కనపడని వైపు పారలల్ పార్కింగ్ రెండూ ఇంకా ఉన్నాయి. పరీక్షలో రానిది, గంటల లెక్క లేనిది ఏ స్కూలు మనసు పెట్టి నేర్పుతుంది చెప్పండి?

ఎయిర్‌గేజ్:
గంటల లెక్క మీద నాకంత నమ్మకం లేదు. ఒక లారీలో నలుగురిని ఎక్కించి, ఒకడు నడుపుతుంటే మిగతా ముగ్గురు వెనక కూర్చుని చూసిన టైమును కూడా "ట్రైనింగ్" కింద రాసుకోవడం ఎంతసేపు? రూల్ రాసేటప్పుడు "ఈ అభ్యర్థి చేతిలో స్టీరింగ్ ఉన్న గంటలు" అని విడిగా రాయకపోతే 160 అయినా 300 అయినా కాగితం మీదే. కాలిఫోర్నియా మాట అందుకే కాస్త నయం.

ఆలీ డాక్ పోయిందని బాధ పడక్కర్లేదు. వెనక్కి తీస్తూ పక్క లేన్‌లోకి మారడంలో ట్రైలర్ పక్కకు వంగే కోణాన్ని పట్టుకోవడం, మళ్లీ దాని వెనకే పోయి తిన్నగా చేయడం రెండూ వస్తాయి. నేర్పు అదే. పైగా తక్కువ యార్డు చాలు, టెస్టు తొందరగా అవుతుంది, క్యూ కదులుతుంది.

పాత పరీక్షలో అసలు జబ్బు తనిఖీలో ఉండేది. వందకు దగ్గరగా పార్టుల పేర్లు బట్టీ పట్టి అప్పజెప్పడమే. "మౌంటెడ్ అండ్ సెక్యూర్, నో లీక్స్" అని ప్రతి పార్టు దగ్గరా పాడతారు, కళ్లు మాత్రం ఎగ్జామినర్ చేతిలో కాగితం మీద ఉంటాయి. కొత్తదాంట్లో ఐటెమ్స్ తగ్గించి, ప్రాణం మీదికొచ్చే వాటిని ఉంచారు. మంచి మార్పే.

అయితే రాష్ట్రాలు ఏ అదనపు షరతు పెట్టినా పెట్టకపోయినా, ఎయిర్ బ్రేక్ చెక్ జోలికి మాత్రం పోకూడదు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అదీ చిన్న చిన్న వాటికి. చక్రాలకు చాక్స్ (బండి కదలకుండా అడ్డు దిమ్మలు) పెట్టి, గాలి ట్యాంకులు నిండాక ఇంజన్ ఆపాలి, కీ మాత్రం ఆన్‌లోకి తిప్పాలి. పార్కింగ్ బ్రేక్ నాబ్‌లు లోపలికి నొక్కి, గేజ్ కుదురుకున్నాక కాలి బ్రేకు గట్టిగా తొక్కి పూర్తిగా ఒక నిమిషం పట్టుకోవాలి. గాలి ఒత్తిడి ఒంటి బండికి 3 పీఎస్‌ఐ, ట్రైలర్ ఉంటే 4 పీఎస్‌ఐ మించి పడకూడదు. తర్వాత పెడల్ కొడుతూ గాలి దించితే 55 పీఎస్‌ఐకి పడేలోపే వార్నింగ్ మోగాలి. ఇంకా దించితే 20 నుంచి 45 మధ్య నాబ్‌లు వాటంతటవే బయటికి తన్నాలి.

తప్పులు చూడండి. కీ ఆఫ్‌లో ఉంచితే బజర్ మోగదు, "వార్నింగ్ పాడైంది" అనేస్తారు. ఇంజన్ ఆపడం మర్చిపోతే కంప్రెసర్ నింపుతూనే ఉంటుంది, లీకున్నా తెలియదు. నాబ్‌లు నొక్కకుండా లీక్ టెస్టు చేస్తే స్ప్రింగ్ బ్రేకుల (అంటే పార్కింగ్ బ్రేకుల) లైన్లు ఆ పరీక్షలోకే రావు, టెస్టు చేసినా చేయనట్టే. ఇవి పేర్ల బట్టీ కాదు, వ్యవస్థ అర్థమైందా లేదా అన్నది బయటపడే చోటు.

పసుపు_బస్సు:
ఎయిర్‌గేజ్ గారు తనిఖీ గురించి చెప్పింది స్కూల్ బస్సుల వైపు నుంచి ఇంకో రకంగా కనపడుతుంది. డ్రైవర్లు దొరకడం లేదని 2022లో ఫెడరల్ వాళ్లు ఒక మినహాయింపు ఇచ్చి, పొడిగిస్తూ వస్తున్నారు. రాష్ట్రం కావాలనుకుంటే స్కూల్ బస్ అభ్యర్థికి బానెట్ కింది భాగం తనిఖీ వదిలేయొచ్చు. మిగతా తనిఖీ, యార్డు, రోడ్డు అన్నీ మామూలే. అలా వచ్చిన లైసెన్సు ఆ రాష్ట్రం లోపల స్కూల్ బస్సుకే పనికొస్తుంది, లారీ ఎక్కడానికి కుదరదు.

ఇక్కడ నేను రాష్ట్రం "వదిలేయాలి" అనే పక్షం. స్కూల్ బస్సు ఉదయం షెడ్డు నుంచి బయల్దేరి సాయంత్రం అక్కడికే వస్తుంది, మెకానిక్ అక్కడే ఉంటాడు. ఆల్టర్నేటర్ బెల్టు, వాటర్ పంపు ఎక్కడున్నాయో చూపించలేదని ఒక మనిషిని తిప్పి పంపడం కన్నా, స్టాప్ ఆర్మ్ (బస్సు పక్కన చాచుకునే స్టాప్ బోర్డు) తెరుచుకుంటోందా, ఎనిమిది ఫ్లాషర్లు వరసలో వెలుగుతున్నాయా, ఎమర్జెన్సీ తలుపు బజర్ పనిచేస్తోందా, బంపరు ముందున్న పిల్లాడు క్రాస్‌వ్యూ అద్దంలో కనపడుతున్నాడా అన్నవి ఇంకా నిక్కచ్చిగా అడగండి. పిల్లలకు ఎక్కువ ప్రమాదం బస్సు చుట్టూ ఉన్న ఆ పది అడుగుల్లోనే.

రూల్‌బుక్:
పసుపు_బస్సు గారూ, మీరు నా వైపు ఉన్నారా అటువైపా? ఫెడరల్ వదిలేసిన చోట రాష్ట్రం కూడా వదిలేయాలంటే అది నా వాదనే!

పసుపు_బస్సు:
ఏ ఒక్క వైపూ కాదండీ. బానెట్ వదలమన్నాను, ఆ స్థానంలో పిల్లల భద్రత ఐటెమ్స్ పెంచమన్నాను. ఆ పెంచడం రాష్ట్రం సొంత షరతే అవుతుంది, మీ లెక్కలో అది కూడదు కదా.

ఎయిర్‌గేజ్:
బానెట్ విషయంలో ఒప్పుకోను. కింద కూలెంట్ మడుగు కట్టిందా, బెల్టు నెర్రెలిచ్చిందా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. షెడ్డులో మెకానిక్ ఉంటాడు, ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్లి నిండా పిల్లలతో హైవే పక్కన ఆగినప్పుడు ఉండడు. పేర్లు అడగడం మానేయండి, చూడటం మానేయమనకండి.

డాక్_నైన్:
ఇదంతా ఒక ఎత్తు, పరీక్ష పెట్టేదెవరన్నది ఇంకో ఎత్తు. రాష్ట్రం తన ఎగ్జామినర్లే కాకుండా థర్డ్ పార్టీలకు, అంటే ట్రక్ కంపెనీలకూ స్కూళ్లకూ టెస్టు పెట్టే అధికారం ఇవ్వొచ్చు. ఫెడరల్ షరతులు: టెస్టు షెడ్యూలు రెండు పనిదినాల ముందే రాష్ట్రానికి చెప్పాలి, ఎగ్జామినర్ ఏడాదికి కనీసం 10 మందికి టెస్టు పెట్టాలి, రెండేళ్లకోసారైనా రాష్ట్రం వచ్చి తనిఖీ చేయాలి, తాను నేర్పిన అభ్యర్థికి తనే టెస్టు పెట్టకూడదు. ఈ ఆఖరిదాన్ని ఎత్తేద్దామని 2019లో ప్రతిపాదించి, 2021లో ఉపసంహరించుకున్నారు. బతికిపోయాం.

రెండేళ్లకోసారి ఏం సరిపోతుందండీ? రాష్ట్రం ఇక్కడ ఏడాదికోసారి, చెప్పాపెట్టకుండా వెళ్లాలని రాసుకుంటే తప్పేంటి? ఇల్లినాయిలో లంచాలకు లైసెన్సులు అమ్మిన వ్యవహారం గుర్తుందా? అలా లైసెన్సు సంపాదించిన డ్రైవర్ లారీ నుంచి ఊడిపడిన భాగం వల్ల 1994లో మిల్వాకీ దగ్గర ఒకే కుటుంబంలో ఆరుగురు పిల్లలు పోయారు. అప్పుడు లైసెన్సుల శాఖ చూసిన జార్జ్ రయన్ తర్వాత గవర్నరయ్యారు, 2006లో దోషిగా తేలారు.

రూల్‌బుక్:
ఇల్లినాయి ఉదాహరణ మీ వాదనకే అడ్డం. అక్కడ లంచం తిన్నది థర్డ్ పార్టీ కాదు, రాష్ట్ర ఉద్యోగులు. 2024 జనవరిలో మాసచూసెట్స్‌లో అభియోగాలు పడింది కూడా స్టేట్ పోలీస్ సీడీఎల్ యూనిట్ వాళ్ల మీదే; టెస్టు సరిగా చేయని వాళ్లను "గోల్డెన్" అని కోడ్ పెట్టి పాస్ చేశారని కేసు. తనిఖీ పెంచాలంటే రాష్ట్రం ముందు తన సొంత వాళ్లతో మొదలుపెట్టాలి. ఇందుకోసం రూల్ మార్చక్కర్లేదు: ఒకే ఎగ్జామినర్ దగ్గర పాస్ శాతం, ఒక్కో టెస్టు ఎంతసేపు పట్టింది, ఈ రెండు అంకెలు నెలనెలా తీసి చూస్తే చాలు. మూడు భాగాల టెస్టు అరగంటలో అయిపోయిందంటే అక్కడ టెస్టే జరగలేదు.

డాక్_నైన్:
సరే, ఇది ఒప్పుకుంటున్నా. కానీ ఆ అంకెలు తీయాలని రూల్లో లేకపోతే ఎవరు తీస్తారు?

కొత్త_పర్మిట్:
పెద్దల మధ్య దూరుతున్నందుకు క్షమించండి. రెండు ప్రాక్టికల్ డౌట్లు. ఒకటి, టెస్టు ఇంగ్లిష్‌లోనే ఉండాలా, లేక అది రాష్ట్రం ఇష్టమా? రెండు, ఆటోమేటిక్ గేర్ లారీతో టెస్టు ఇస్తే ఏమైనా నష్టమా?

ఎయిర్‌గేజ్:
రాత పరీక్ష వేరే భాషలో పెట్టొచ్చని ఫెడరల్ రూలే అంటుంది, దుబాసీ మాత్రం ఉండకూడదు. అంటే భాష రాష్ట్రం ఇష్టం. స్కిల్స్ టెస్టులో ఏ రాష్ట్రానికీ ఆ ఇష్టం లేదు: ఎగ్జామినర్, అభ్యర్థి ఇద్దరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. 2025 జూన్ 25 నుంచి రోడ్డు మీద ఇన్‌స్పెక్టర్ ఆపినప్పుడు ఇంగ్లిష్ రాకపోతే డ్రైవర్‌ను అక్కడే దించేస్తున్నారు కూడా. కాబట్టి రాత పరీక్ష ఏ భాషలో రాసినా, తనిఖీ ఇంగ్లిష్‌లో నోరు తిరిగేలా సాధన చేయండి.

ఆటోమేటిక్‌తో ఇస్తే లైసెన్సు మీద "ఈ" (E) అక్షరంతో ఆంక్ష పడుతుంది, మాన్యువల్ గేరు కమర్షియల్ బండి నడపకూడదు. ఎయిర్ బ్రేక్ లేని బండితో ఇస్తే, లేదా ఆ పేపర్ తప్పితే "ఎల్". గాలితో హైడ్రాలిక్‌ను నడిపే బ్రేకుల బండైతే "జడ్". ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ను పైకెక్కించి బిగించే పలక) కాకుండా పింటిల్ హుక్ (కొక్కెం) ట్రైలర్‌తో ఇస్తే "ఓ". తీయించుకోవాలంటే మళ్లీ టెస్టే. టెస్టుకు బండి బుక్ చేసేటప్పుడే స్కూలును ఈ నాలుగూ అడగండి, రేటు చూసి చిన్న బండి తీసుకోకండి.

రూల్‌బుక్:
కొత్త_పర్మిట్ అడిగిన భాష సంగతి అలా ఉంచితే, రాష్ట్రాలు ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. ఫెడరల్ రూల్‌ను పూర్తిగా కాపీ చేయకుండా "పార్ట్ 383ను (ఫెడరల్ సీడీఎల్ రూల్సును) అనుసరిస్తాం" అని రిఫరెన్సుగా రాసుకుంటే, చాలా రాష్ట్రాల్లో దానికి తేదీ పెట్టాలి: ఫలానా రోజుకు ఉన్న పాఠం అని. రేపు వాషింగ్టన్ డీసీ మార్చేదాన్ని ఈ రోజే ఒప్పుకోవడమంటే శాసనాధికారం వేరేవాళ్లకు అప్పజెప్పడమని కోర్టులు ఊరుకోవు. కాబట్టి ఫెడరల్ రూల్ మారినప్పుడల్లా రాష్ట్రం తేదీ మార్చి, నోటీసిచ్చి, అభ్యంతరాలు విని, మళ్లీ ప్రచురించాలి. ఫెడరల్ వాళ్లు మామూలుగా మూడేళ్లు గడువిచ్చేది ఇందుకే. పాత తేదీతో ఉన్న రాష్ట్రంలో కౌంటర్ దగ్గర గుమస్తా ఒకటి, యార్డులో ఎగ్జామినర్ ఇంకొకటి చెబుతారు.

డాక్_నైన్:
అయితే మీ దారిలోనైనా నా దారిలోనైనా పని తప్పదన్నమాట. తేదీ మార్చడానికి ఎలాగూ ఫైలు కదిలించాలి కాబట్టి, అదే ఫైల్లో స్టీరింగ్ గంటలూ ఎగ్జామినర్ పాస్ శాతమూ రెండు లైన్లు చేర్చమంటున్నా.

రూల్‌బుక్:
పాస్ శాతం లైను రాయండి, సంతకం పెడతాను. గంటల దగ్గర మాత్రం ఎయిర్‌గేజ్ గారు చెప్పినట్టు "అభ్యర్థి చేతిలో స్టీరింగ్" అన్న మాట లేకపోతే పెట్టను.