అప్‌డేట్: 28బీవైజే-48 స్టెప్పర్ మోటార్ వణుకు పోయింది, రెండు వైపులా తిరుగుతోంది

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులో మేత డబ్బా తలుపు తెరవడానికి పెట్టిన చిన్న స్టెప్పర్ మోటార్ (కొంచెం కొంచెంగా, స్టెప్పుల్లో తిరిగే మోటార్) జివ్వుమంటూ వణుకుతోంది కానీ తిరగట్లేదని అడిగాను కదా, ఇప్పుడు బాగానే నడుస్తోంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పిన్ల వరస చూడమన్న మాటే నిజమైంది. మోటార్‌కు కరెంటు అందించే యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు మీద ఐఎన్1 నుంచి ఐఎన్4 వరకు వరసగా ఆర్డుయినో (కోడ్ నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) 8, 9, 10, 11 పిన్లకు కలిపి ఉంటే, స్టెప్పర్ లైబ్రరీకి (మోటార్ నడిపే రెడీమేడ్ కోడ్) మాత్రం 2048, 8, 10, 9, 11 అని ఇవ్వాలి; 2048 అంటే ఒక పూర్తి చుట్టుకు స్టెప్పులు. అంటే మధ్య రెండూ తారుమారు. 8, 9, 10, 11 అనే ఇస్తే మోటార్ లోపలి కాయిల్స్ (తీగ చుట్లు) తప్పు క్రమంలో ఆన్ అయి రోటర్ (తిరిగే భాగం) ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అప్పుడు కూడా బోర్డు మీది నాలుగు ఎల్‌ఈడీలూ శుభ్రంగా వెలుగుతుంటాయి, వాటిని చూసి అంతా సరిగ్గా ఉందనుకోకండి. వైర్లు పీకనక్కర్లేదు, కోడ్‌లో ఒక్క లైన్ మారిస్తే చాలు.

వేగం 10 ఆర్‌పీఎం (నిమిషానికి 10 చుట్లు) పెట్టాను. ఈ మోటార్‌ను 15 దాటించకపోవడమే మంచిది, స్టెప్పులు తప్పుతుంది.

కొత్త మోటార్ కొనమని, కెపాసిటర్ పెట్టమని, కోడ్‌లో డిలే పెంచమని వచ్చిన సలహాలకూ సమస్యకూ సంబంధమే లేదు. విడిగా 5 వోల్టుల సప్లై ఇవ్వడం వల్ల కూడా వణుకు తగ్గలేదు, అయినా దాన్ని అలాగే ఉంచాను. రెండు కాయిల్స్ కలిసి దాదాపు 200 మిల్లీఆంప్స్ లాగుతాయి, ఆ బరువు ఆర్డుయినో మీద వేయకూడదు. రెండు సప్లైల గ్రౌండ్లు (నెగటివ్ వైర్లు) మాత్రం తప్పకుండా కలపాలి.

తలుపు కదలడం అయ్యాక నాలుగు పిన్లనూ LOW (ఆఫ్) చేసేయండి, మోటార్ వేడెక్కదు. తేలికపాటి తలుపును లోపలి గేర్లే పట్టి ఉంచుతాయి.