మా అక్క కొడుకు కేసు: బండి పోయినాయన, పిల్లాడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే వీలుంటుందా?

నమస్తే అండి. మా అక్క కొడుక్కి 16 ఏళ్ళు, ఇంకో ఇద్దరితో కలిసి మా వీధి కిరాణా కొట్టాయన బండి ఎత్తుకెళ్ళి, రెండ్రోజులు తిప్పి, కింద పడేసి డ్యామేజ్ చేశారు. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి (18 ఏళ్ళ లోపు పిల్లల కేసులు చూసే బోర్డు) వెళ్ళింది. తప్పు మావాడిదే, వెనకేసుకు రావడానికి రాయట్లేదు. రిపేర్ డబ్బులు ఇస్తామన్నాం, కానీ ఆయన "డబ్బులు సరేనమ్మా, రోజూ కొట్టుకొచ్చే పిల్లాడు నా బండే ఎందుకు తీశాడు" అని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు, వీడేమో ఆ వీధిలోంచి నడవడమే మానేశాడు.

న్యూజిలాండ్‌లో 1989 చట్టం ప్రకారం పిల్లాడు, కుటుంబం, నష్టపోయినవాళ్ళు, పోలీసులు ఒకచోట కూర్చుని ఏం చేస్తే సరిదిద్దినట్టో మాట్లాడుకుంటారంట, ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ అంటారు. మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో కూడా సెక్షన్ 18లో కౌన్సెలింగ్, కమ్యూనిటీ సర్వీస్, ప్రొబేషన్ (మంచి నడవడిక షరతు మీద, పర్యవేక్షణలో బయటే ఉంచడం) ఉన్నాయి, బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. చిన్న నేరమైతే విచారణ 4 నెలల్లో తేలాలి, పొడిగిస్తే ఇంకో 2 నెలలు, అంటే మాకు టైమ్ ఎక్కువ లేదు.

ఇలా కలిపి కూర్చోబెట్టమని ఎవర్ని అడగాలండి, ప్రొబేషన్ ఆఫీసర్నా, లీగల్ సర్వీసెస్ వాళ్ళిచ్చే ఉచిత లాయర్నా, డైరెక్ట్‌గా బోర్డులోనేనా? మేమే ఆయన ఇంటికెళ్తే ఒత్తిడి పెడుతున్నాం అనుకుంటారేమో అని భయం, ఆయనకి ఇష్టం లేకపోతే అసలొద్దు. తెలంగాణలో గానీ ఆంధ్రాలో గానీ ఎవరైనా ఇలా చేయించి ఉంటే ఎలా జరిగిందో చెప్పండి ప్లీజ్.