ఒకే పీహెచ్, రెండు ఫ్లాస్కులు: అసిటిక్ ఆమ్లంలో ఈస్ట్ 28 గంటలు ఏం చేసింది?

కొత్త పిపెట్:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా ఈస్ట్ మీద పనిచేస్తున్నాను. ప్రయోగశాలల్లో వాడే మామూలు సాకరోమైసిస్ సెరివిసియే, 2 శాతం గ్లూకోజ్ ఉన్న మినిమల్ మీడియం, 30 డిగ్రీలు, షేకర్. రెండు ఫ్లాస్కులు పెట్టాను, రెండింటి పీహెచ్ 4.5. మొదటిదాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అక్కడికి తెచ్చాను. రెండోదానిలో 80 మిల్లీమోలార్ అసిటిక్ ఆమ్లం కలిపి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ అదే 4.5 దగ్గర ఆపాను.

సాయంత్రం ఆరింటికి 0.1 ఓడీతో (కణాలు పెరిగేకొద్దీ పెరిగే మసకదనం కొలత) రెండూ మొదలయ్యాయి. తెల్లవారేసరికి మొదటి ఫ్లాస్కు చిక్కగా తయారైంది. రెండోది ఉదయం ఎనిమిదింటికి కూడా 0.1 దగ్గరే ఉంది. పారబోద్దామని సింకు దాకా తీసుకెళ్ళాను. మా గైడ్‌కు ఏమని చెప్పాలో తోచక మళ్ళీ తెచ్చి షేకర్‌లో పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి 0.12 చూపిస్తే యంత్రం లోపం అనుకున్నాను. రాత్రి పదింటికి 0.2. అప్పటి నుంచి సుమారు నాలుగు గంటలకోసారి రెట్టింపవుతూ పోయింది.

ఆ ఫ్లాస్కులోంచి కొద్దిగా తీసి, ఆమ్లం లేని మీడియంలో ఒక రాత్రి పెంచి, మళ్ళీ అసిటిక్ ఆమ్లంలో వేస్తే మళ్ళీ అదే తంతు. పీహెచ్ రెండింటిలో ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? "ఈస్ట్ అలవాటు పడింది" అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి. కణంలో ఏ భాగం, దేనికి అలవాటు పడింది?

వేగుచుక్క:

మ్యుటేషన్ అయి ఉంటుంది. తట్టుకునే ఒక కణం పుట్టి అదే నిండిపోయి ఉంటుంది. డీఎన్ఏ చదివించడానికి సీక్వెన్సింగ్‌కు పంపండి.

మూడో ఇంక్యుబేటర్:

సీక్వెన్సింగ్‌కు డబ్బు తగలేయకండి. మ్యుటేషనే అయితే మామూలు మీడియంలో ఒక్క రాత్రి గడిపినంత మాత్రాన పోదు. మీ ప్రశ్నలో "మళ్ళీ అదే తంతు" అన్న ముక్కే సగం జవాబు, మీరే గమనించలేదు.

ముందు పీహెచ్ సంగతి. మీటరు చూపించేది విడిగా తిరిగే ప్రోటాన్లను. వాటికి ఈస్ట్ అంతగా జంకదు. విద్యుదావేశం ఉన్నవి కాబట్టి అవి కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొరను సులువుగా దాటలేవు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కు దించినా ఈస్ట్ పెరుగుతుంది. అసిటిక్ ఆమ్లం అలా కాదు, దాని పీకేఏ, అంటే సరిగ్గా సగం అణువులు విడిపోయి ఉండే పీహెచ్, 4.76. అంటే మీ 4.5 దగ్గర సుమారు 65 శాతం అణువులు విడిపోకుండా, ఏ ఆవేశమూ లేకుండా ఉంటాయి. 80లో 52 మిల్లీమోలార్ అన్నమాట. వీటికి పొర పెద్ద అడ్డు కాదు. పైగా గ్లిసరాల్ రాకపోకలకు ఉన్న ఎఫ్‌పీఎస్1 అనే ద్వారం వీటికీ దారి ఇస్తుంది. కణం లోపల పీహెచ్ 7కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అడుగు పెట్టగానే అణువు ప్రోటాన్‌గా, అసిటేట్‌గా విడిపోతుంది. ఇప్పుడు అసిటేట్‌కు ఆవేశం వచ్చింది, వచ్చిన దారిన తిరిగి పోలేదు.

ఇక్కడ పాఠ్యపుస్తకం "పీఎమ్ఏ1 పంపు ప్రోటాన్లను బయటకు నెడుతుంది" అని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఆ మాట నిజమే. ప్లాస్మా పొరలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీను అదే. ఒక ప్రోటాన్‌ను నెట్టడానికి ఒక ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) ఖర్చు. ఒక గ్లూకోజ్‌ను పులియబెడితే నికరంగా మిగిలేవి రెండే ఏటీపీలు. ఖర్చు సరే, అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కాగితం తీసి లెక్క వేసి చూడండి. లోపల పీహెచ్ 7 దగ్గరే నిలబెట్టాలని కణం పట్టుబట్టిందనుకుందాం. అక్కడ విడిపోని ప్రతి అణువుకూ సుమారు 174 అసిటేట్లు ఉంటాయి. బయటి 52 మిల్లీమోలార్‌తో సమతుల్యం రావాలంటే లోపల దాదాపు 9 మోలార్ అసిటేట్ పేరుకోవాలి. ఏ కణమూ భరించలేని సంఖ్య అది. ప్రోటాన్లను ఎంత తోడితే అంత ఆమ్లం లోపలికి వస్తుంది. పడవకు చిల్లు పడినప్పుడు నీళ్ళు తోడటమే పనిగా పెట్టుకున్నట్టు. తోడకపోతే మునుగుతుంది, చిల్లు పూడ్చకపోతే తోడీ లాభం లేదు. అదే లోపలి పీహెచ్‌ను 6కు దిగనిస్తే ఆ 9 మోలార్ 0.9కి పడిపోతుంది. అదీ ఎక్కువే కాని, పదో వంతు. ఆమ్లం తగిలేనాటికే లోపలి పీహెచ్ కొంచెం తక్కువగా ఉన్న కణాలు మెరుగ్గా తట్టుకుంటాయని కణాలను ఒక్కొక్కటిగా కొలిచినవాళ్ళు చూపించారు. ఈ లెక్క వేసుకున్నాక అందులో నాకు వింత కనిపించలేదు.

కాబట్టి అలవాటు పడటం అంటే ముఖ్యంగా తలుపులు మూసుకోవడం. అసిటిక్ ఆమ్లం తగలగానే హాగ్1 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) చురుకవుతుంది. అది ఎఫ్‌పీఎస్1కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ ద్వారాన్ని కణం లోపలికి లాక్కుని రిక్తికలో, అంటే పాత ప్రోటీన్లను అరిగించే సంచిలో, కరిగించేస్తుంది. మెహ్దీ మొల్లాపూర్, పీటర్ పైపర్ దీన్ని 2007లో చూపించారు. తలుపును గొళ్ళెం పెట్టి మూయడం కాదు, ఊడబెరికి కాల్చేయడం! మరోవైపు హెచ్ఏఏ1 అనే నియంత్రక ప్రోటీను కేంద్రకంలోకి చేరి చాలా జన్యువులను మేలుకొల్పుతుంది. కణకవచాన్ని గట్టిపరిచే ఎస్‌పీఐ1 వాటిలో ఒకటి, పొరలోని కొన్ని రవాణా ప్రోటీన్లు మరికొన్ని. సార్బిక్, బెంజాయిక్ ఆమ్లాలైతే వేరే దళం దిగుతుంది, వార్1 అనే మరో నియంత్రక ప్రోటీను ఆజ్ఞతో పీడీఆర్12 పంపు. ఆమ్లం మారితే జవాబు మారుతుంది, అందుకే "ఆమ్ల ఒత్తిడి" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేవాళ్ళంటే నాకు చిరాకు. ఇదంతా తాత్కాలికమే. ఆమ్లం లేని మీడియంలో కొన్ని తరాలు గడిస్తే పాత తలుపులు మళ్ళీ మొలుస్తాయి. మీ ఈస్ట్ రెండోసారి పడుకోవడానికి కారణం అదే.

ఇక ఆ 28 గంటలు. అన్ని కణాలూ 28 గంటలూ కష్టపడ్డాయని మీరు ఊహించుకుంటున్నారు, నాకు అనుమానం. నూటికి ఒక్క కణమే తట్టుకుని వెంటనే విభజన మొదలుపెట్టిందనుకోండి. అది ఓడీలో కనిపించే స్థాయికి రావాలంటే సుమారు 7 రెట్టింపులు కావాలి. రెట్టింపుకు 4 గంటలు అన్నారు. 7 నాలుగులు 28. లెక్క ఇంత ముచ్చటగా కుదిరితే నేను నమ్మను, ప్లేట్లు వేసి చూడండి. సున్నా గంటలో కణాలను ఒకే పలుచదనంలో మామూలు అగార్ (గడ్డకట్టించిన మీడియం) మీదా, 80 మిల్లీమోలార్ ఆమ్లం ఉన్న అగార్ మీదా పరచండి. ఇంకో ఫ్లాస్కులో అదే 80 మిల్లీమోలార్‌ను పీహెచ్ 5.5 దగ్గర పెట్టండి. అక్కడ విడిపోని ఆమ్లం 12 మిల్లీమోలారే, మీ మొదటి సందేహం కళ్ళ ముందే తీరుతుంది. పెరుగుతున్న ఫ్లాస్కు నుంచి తిన్నగా కొత్త ఆమ్ల మీడియంలోకి మార్చడం కూడా మరవకండి.

అగార్ బాధితుడు:

పై సలహాకు చిన్న చేర్పు, నాలుగు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఆమ్లం కలిపిన అగార్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే యంత్రం) పెట్టకండి. తక్కువ పీహెచ్ దగ్గర ఆ వేడికి అగార్ విరిగిపోయి, మర్నాటికీ గడ్డకట్టక జావలాగా మిగులుతుంది. అసిటిక్ ఆమ్లం కూడా కొంత ఆవిరైపోతుంది. అగార్, మీడియం విడివిడిగా శుద్ధి చేసి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ఆమ్లం కలిపి వెంటనే పోయండి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టుకోకండి, అది కూడా నేర్చుకున్నాను.

కొత్త పిపెట్:

మూడు వారాలు పట్టింది, క్షమించాలి. మొదటి విడత ప్లేట్లు జావే అయ్యాయి, సలహా చదివేలోపే ఆటోక్లేవ్‌లో పెట్టేశాను.

రెండో విడతలో మామూలు అగార్ మీద 203 కాలనీలు, ఆమ్లం ఉన్నదాని మీద 5. ఆ ఐదు కూడా నాలుగో రోజుకు గాని కంటికి ఆనలేదు. అంటే సుమారు 40కి ఒక్కటి, 5 రెట్టింపులకు కొంచెం పైన. అలా 21 గంటలు పోతే, మిగిలిన 7 గంటలే అసలు సర్దుబాటు అనుకుంటున్నాను. పీహెచ్ 5.5 ఫ్లాస్కు రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరింది, అంతే. తిన్నగా మార్చినది మూడు గంటల్లో అందుకుంది.

ఒక్కటి మాత్రం తేలలేదు. మామూలు మీడియంలో గడిపి తిరిగి వచ్చిన మూడు ఫ్లాస్కుల్లో రెండు ఎప్పటిలాగే పడుకున్నాయి. మూడోది ఐదు గంటల్లో పెరగడం మొదలుపెట్టింది. రెండు రాత్రులు ఆమ్లం లేకుండా ఉంచి చూసినా అంతే. వేగుచుక్క గారూ, ఆ ఒక్కదాన్ని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో దాచాను.

వేగుచుక్క:

నేను ముందే చెప్పానుగా.

మూడో ఇంక్యుబేటర్:

మూడింట ఒకటి చెప్పారు. ఆ సీసా మీద తేదీ, ఎన్నో ఫ్లాస్కో చెరగని సిరాతో రాయండి. పంపే ముందు ఒక్క కాలనీ ఏరి, ఎఫ్‌పీఎస్1, హెచ్ఏఏ1 జన్యువులు రెండింటినీ పీసీఆర్ చేసి (నకళ్ళు పెంచి) చదివించండి. జన్యుసమూహం మొత్తం చదివించడం ఆ తర్వాత చూద్దాం.